గుర్తు మారినా గుర్తుండవలసినది

అక్షరం పుట్టకముందే మనిషికి గుర్తు పుట్టినది. పొలానికి గట్టురాయి, పశువుకు ముద్ర, పడవకు తెరచాప, మసీదుకు మినారు, ఆలయానికి ధ్వజస్తంభం. ఇవన్నీ చదువు రానివాడు కూడ దూరం నుండి చదువుకోగల అక్షరాలే. ఈ వరుసలో చిట్టచివర వచ్చి చేరినది బ్యాంకు ద్వారం మీది చిహ్నం. దానినే నేడు లోగో అని పిలుచుచున్నాము. చూచుటకు అది ఒక వలయమో, రెండు గీతలో, మూడు రంగులో మాత్రమే. కాని కష్టార్జితాన్ని చేత పట్టుకొని మెట్లెక్కే మనిషికి అది ఒక హామీ. 'ఇక్కడ పెట్టిన రూపాయి ఇక్కడే ఉంటుంది' అని ఆ బొమ్మ మౌనంగా చెప్పుచున్నది.

ఈ విషయం మన ప్రాంతానికి మరింత ముఖ్యమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యత సుమారు 62 శాతం, విజయనగరం జిల్లాలో సుమారు 59 శాతం మాత్రమే. అనగా మన పల్లెలలో పదిమందిలో నలుగురి వరకు బోర్డు మీది పేరును చదువలేనివారే. వారు బ్యాంకును రంగును బట్టి, బొమ్మను బట్టి, లోపల కూర్చున్న మనిషిని బట్టి పోల్చుకొందురు. అటువంటి చోట ఒక బ్యాంకు తన చిహ్నాన్ని మార్చుకొనుట కేవలం ఆ సంస్థ సొంత వ్యవహారమని అనుకొనుట పొరపాటు. గడచిన పదేండ్లలో మన కండ్ల ముందే ఎన్ని బోర్డులు దిగినవో, ఎన్ని బోర్డులు ఎక్కినవో విద్యార్థులు ఒకసారి లెక్కించి చూడవలసి యున్నది.

తెలుగువారి బ్యాంకు చరిత్ర బందరులో మొదలైనదని చెప్పవచ్చును. స్వాతంత్ర్య సమరయోధుడు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20వ తేదీన రిజిస్టరు అయి, అదే నెల 28న వ్యాపారం ప్రారంభించినది. నాటి చెల్లించిన మూలధనం ఒక లక్ష రూపాయలు. ఇక్కడ మనం గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది 1953 అక్టోబరు 1న. అంటే రాష్ట్రం కన్న ముప్పది సంవత్సరాల ముందే 'ఆంధ్ర' అనే మాట ఒక బ్యాంకు తలుపు మీద వెలసినది. మదరాసు రాజధానిలో భాగంగా ఉన్న తెలుగువారికి సొంత శాసనసభ లేదు, సొంత సచివాలయం లేదు. కాని సొంత పేరు గల బ్యాంకు ఉన్నది. ఆ పేరే ఆ బ్యాంకు తొలి చిహ్నం. నేటి వ్యాపార భాషలో 'బ్రాండ్' అని దేనిని అంటున్నారో, దానిని బందరు పెద్దలు ఏ చిత్రకారుని సహాయమూ లేకుండ ఒక్క మాటతో సాధించిరి.

1980 ఏప్రిల్ 15న ఆ బ్యాంకు జాతీయం చేయబడినది. తరువాతి కాలంలో దానికి మనందరికీ తెలిసిన ఎరుపు నీలం రంగుల చిహ్నం వచ్చినది. గణితంలో అనంతాన్ని సూచించే గుర్తు, గొలుసు లంకెవలె కలిసిన వంపులు, మధ్య తాళపు రంధ్రం దానిలోని అంశాలు. వినియోగదారుని కొరకు ఎంత దూరమైనా పోవుటకు అనంతం గుర్తు, కలిసిమెలిసి ఉండుటకు గొలుసు, భద్రతకు తాళపు రంధ్రం, చైతన్యానికీ నిలకడకూ ఎరుపు నీలం రంగులు అని బ్యాంకువారు వివరించెడివారు. ఈ వివరణ తెలిసిన ఖాతాదారులు బహుశా కొద్దిమందే. కాని శ్రీకాకుళం జిల్లాకు లీడు బ్యాంకుగా ఆ సంస్థ ఉన్న దినాలలో ఆ గుర్తును చూచి 'మన ఆంధ్రా బ్యాంకు' అనుకొననివారు అరుదు. 'మన' అనే ఆ మాటను ఏ చిత్రకారుడూ గీయలేడు. అది ఏండ్ల తరబడి ఇచ్చిపుచ్చుకొనుటలో పుట్టినది.

స్టేటు బ్యాంకు కథ వేరు. 1955 జూలై 1న ఇంపీరియల్ బ్యాంకు భారతీయ స్టేటు బ్యాంకుగా మారిన తరువాత కొంతకాలం మర్రిచెట్టు దాని చిహ్నంగా ఉన్నది. మర్రి పెద్దదే, నీడనిచ్చునదే. కాని మర్రి క్రింద మరొక మొక్క ఎదగదనే మాట కూడ లోకంలో ఉన్నది. 1971లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు చెందిన శేఖర్ కామత్ రూపొందించిన నీలి వలయం వచ్చినది. నిండు వలయం, నడుమ చిన్న చుక్కవంటి ఖాళీ, దాని నుండి క్రిందికి ఒక సన్నని దారి, అంతే. దానిని కొందరు తాళపు రంధ్రమని అన్నారు. కొందరు ఇంత పెద్ద బ్యాంకు నడిబొడ్డున సామాన్య మానవుడు నిలిచియున్నాడని అన్నారు. మరికొందరు మారుమూల పల్లె నుండి కేంద్రానికి పోవు బాట అని అన్నారు. ఒక గీతలో ఇన్ని అర్థాలు ఇముడుట ఆ చిహ్నం గొప్పతనం. అంతకన్న గొప్ప సంగతి, అర్ధ శతాబ్దం దాటినా ఆ వలయాన్ని వారు చెరిపివేయకపోవుట. 2017లో అనుబంధ బ్యాంకులను విలీనం చేసుకొన్నప్పుడు కొత్త హంగులు దిద్దిరి, అక్షరాలను మార్చిరి. వలయాన్ని మాత్రం అట్లే ఉంచిరి. పార్వతీపురం మన్యంలోని గిరిజన సోదరుడూ, విజయనగరం కోట దగ్గరి వర్తకుడూ నేటికీ అదే నీలి గుండ్రాన్ని చూచి లోపలికి పోగలుగుచున్నారు.

అయితే ఆ 2017 విలీనంలోనే ఒక పేరు కనుమరుగైనది. ఉర్దూ, తెలుగు భాషలు రెండింటినీ అభిమానించే మన కళాశాల పాఠకులు ఆ పేరును తెలిసికొనవలెను. నైజాం ప్రభుత్వం 1941లో చేసిన చట్టం ప్రకారం హైదరాబాదు స్టేటు బ్యాంకు ఏర్పడి, 1942 ఏప్రిల్‌లో పని ప్రారంభించినది. ఆ సంస్థానానికి ఉస్మానియా సిక్కా అనే సొంత నాణెం ఉండెడిది. దాని కాగితపు నోట్లపై ఉర్దూతోపాటు తెలుగు, కన్నడ, మరాఠీ, ఇంగ్లీషు అక్షరాలు కూడ ఉండెడివి. ఆ నాణెపు వ్యవహారాన్ని నిర్వహించిన బ్యాంకు అది. 1956లో అది స్టేటు బ్యాంకు ఆఫ్ హైదరాబాదు అయినది. 1959లో భారతీయ స్టేటు బ్యాంకుకు అనుబంధమైనది. నీలి వలయాన్ని తానూ ధరించినది, కాని పేరులో హైదరాబాదును నిలుపుకొన్నది. 2017 ఏప్రిల్ 1న ఆ పేరు కూడ పోయినది. చిహ్నం ఒకటే అయినందున ద్వారం మీద పెద్ద మార్పు కనబడలేదు. డెబ్బది అయిదేండ్ల చరిత్ర మాత్రం చప్పుడు లేకుండ ముగిసినది.

తరువాతి వంతు ఆంధ్రా బ్యాంకుది. 2019 ఆగస్టు 30న విలీనం ప్రకటింపబడినప్పుడు తెలుగునాట నిరసనలు చెలరేగినవి. పేరునైనా నిలపవలెనని పలువురు కోరిరి. 2020 ఏప్రిల్ 1 నుండి ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయినవి. యూనియన్ బ్యాంకు 1919లో బొంబాయిలో పుట్టిన సంస్థ. 1921లో దాని ప్రధాన కార్యాలయాన్ని మహాత్మా గాంధీ ప్రారంభించిరి. కనుక వచ్చిన బ్యాంకు చరిత్ర లేనిదని ఎవరూ అనజాలరు. విలీనం తరువాత యూనియన్ బ్యాంకు ఎరుపు నీలం చిహ్నం క్రింద 'ఆంధ్రా', 'కార్పొరేషన్' అనే రెండు మాటలను చిన్న అక్షరాలలో చేర్చిరి. అత్తవారింటికి పోయిన ఆడపడుచు పుట్టింటి పేరు వలె ఆ రెండు మాటలు అక్కడ నిలిచినవి.

ఆ చిన్న అక్షరాలలోని 'కార్పొరేషన్' అనే మాట వెనుక ఉన్న చరిత్ర మన విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పదగినది. ఆ బ్యాంకును 1906 మార్చి 12న ఉడుపిలో స్థాపించినవారు ఖాన్ బహదూర్ హాజీ అబ్దుల్లా హాజీ ఖాసిం సాహెబ్. అయిదు వేల రూపాయల మూలధనంతో మొదలైన ఆ సంస్థ మొదటి దినం ముగియునాటికి సేకరించినది ముప్పది ఎనిమిది రూపాయల పదమూడు అణాల రెండు పైలు మాత్రమే. ఒక ముస్లిం వర్తకుడు స్థాపించిన ఆ బ్యాంకు, సర్వజనులూ సుఖంగా ఉండవలెనను అర్థం గల సంస్కృత వాక్యాన్ని తన ఆదర్శంగా స్వీకరించినది. ఉడుపిలో ఒక హాజీ సాహెబు, బందరులో ఒక డాక్టరుగారు ఒకరినొకరు అడుగకుండగనే ఒకే పని చేసిరి: తమ ఊరి ధనం తమ ఊరి ప్రజలకు ఉపయోగపడవలెనని కోరిరి. నూరేండ్ల తరువాత వారిద్దరి సంస్థలూ ఒకే బోర్డు క్రింద రెండు చిన్న మాటలై ప్రక్కప్రక్కన నిలిచినవి. ఆ బోర్డు క్రిందుగా దినమూ నడచిపోవు మనలో ఎందరము ఈ సంగతి ఎరుగుదుము?

ఇక మన సొంత ఊరి కథకు వత్తము. 1975లో గ్రామీణ బ్యాంకుల ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చినవి. ఆ 1976లోనే స్టేటు బ్యాంకు ప్రాయోజకత్వంలో శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు ఏర్పడినది. దాని ప్రధాన కార్యాలయం మరెక్కడనో కాదు, శ్రీకాకుళంలోనే. వెనుకబడిన ప్రాంతమని పేరుపడిన పట్టణంలో ఒక బ్యాంకు ప్రధాన కార్యాలయం ఉండుట సామాన్య గౌరవం కాదు. 2006లో అది మరి నాలుగు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయినది. ప్రధాన కార్యాలయం వరంగల్లుకు పోయినది. 2025 మే 1న 'ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు' అనే విధానం క్రింద రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఏర్పడినది. ప్రధాన కార్యాలయం అమరావతి. ప్రాయోజక బ్యాంకు యూనియన్ బ్యాంకు. అదే సంవత్సరం చివర దేశంలోని 28 గ్రామీణ బ్యాంకులన్నింటికీ ఉమ్మడి చిహ్నం ప్రకటింపబడినది. అందులో ప్రగతికి పైకి పోవు బాణం, పోషణకు చేతులు, జ్ఞానానికి జ్యోతి ఉన్నవి.

అర్థాలు ఉదాత్తమైనవే. కాని ఒక పాలకొండ రైతు జీవితాన్ని తలచి చూడుడు. అతడు ఊరు మారలేదు, ఖాతా మార్చలేదు, అప్పు తీర్చుట మానలేదు. అయినను అతని బ్యాంకు పేరు యాబది సంవత్సరాలలో రెండుసార్లు మారినది. మొదటి పేరులో విశాఖ ఉన్నది; రెండవదానిలోనూ, మూడవదానిలోనూ రాష్ట్రమే మిగిలినది; చిహ్నంలో ఇప్పుడు దేశమంతా ఒకటే అయినది. గుర్తు పెద్దదగుచున్న కొలదీ దానిలో అతని ఊరు చిన్నదగుచు వచ్చినది.

విలీనాలను సమర్థించువారి వాదంలో బలం లేకపోలేదు. చిన్న బ్యాంకుకు ఒక పంట నష్టమో, ఒక తుపానో వచ్చినచో తట్టుకొనుట కష్టం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు మన తీరాన్ని ఎట్లు ఛిన్నాభిన్నం చేసినవో చూచిన మనకు ఈ మాట సులభంగా అర్థమగును. పెద్ద సంస్థకు మూలధనం ఎక్కువ, సాంకేతిక సౌకర్యం ఎక్కువ. ఉమ్మడి చిహ్నం వలన వలస పోయినవాడు ఏ రాష్ట్రంలోనైనా గ్రామీణ బ్యాంకును గుర్తుపట్టగలడు. ఈ ప్రయోజనాలను కాదనవలసిన పని లేదు. నా ఆక్షేపణ మార్పు మీద కాదు, మార్పు చేయు పద్ధతి మీద. కొత్త చిహ్నాన్ని మహానగరంలో ఆవిష్కరింతురు. దాని రంగుల అర్థాన్ని ఇంగ్లీషు పత్రికలలో వివరింతురు. ఖాతాదారునికి మాత్రం ఒక ఉదయం బోర్డు మారియుండుట తప్ప మరేమియు తెలియదు.

బోర్డు మారుట చూచుటకు చిన్న విషయంవలె తోచును. దాని వెనుక మారేవి చిన్నవి కావు. ఆంధ్రా బ్యాంకు విలీనమైన తరువాత దాని శాఖల ఐ.ఎఫ్.ఎస్. కోడ్లు మారినవి, పాత చెక్కు పుస్తకాలు, పాత కోడ్లు 2021 ఏప్రిల్ 1 నుండి చెల్లవని ప్రకటించిరి. మన తీరం నుండి గుజరాతులోని వేరావల్‌కు చేపలవేటకు పోవువారు, హైదరాబాదు, చెన్నై నగరాలకు కూలిపనికి పోవువారు ఇంటికి ధనం పంపునది ఈ కోడ్ల ఆధారంగానే. విద్యార్థి వేతనం కూడ ఖాతాకే వచ్చును. దరఖాస్తులో పాత కోడు ఉన్నచో ఆ సొమ్ము దారి తప్పును. ఎన్నో కుటుంబాలలో బ్యాంకు సంగతి చూచునది కళాశాలలో చదువు కుమారుడో కుమార్తెయో. కనుక చిహ్నం మారిననాడు దాని భారం చివరకు వచ్చి పడునది మన విద్యార్థుల భుజాల మీదనే.

మరొక ప్రమాదం నేటి కాలం తెచ్చినది. పూర్వం చిహ్నం గోడ మీద ఉండెడిది; గోడను ఎవరూ దొంగిలింపజాలరు. ఇప్పుడది చేతి ఫోనులోనికి వచ్చినది. అసలు బ్యాంకు చిహ్నాన్ని యథాతథంగా అతికించి, ఖాతా మూతపడుచున్నదని భయపెట్టి, రహస్య సంఖ్యలు రాబట్టు మోసగాండ్లు పెరిగిరి. బొమ్మ ఒక్కటే చాలదని గ్రహించియే రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులన్నింటినీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే ప్రత్యేక ఇంటర్నెట్ చిరునామాకు మారవలసినదిగా ఆదేశించి, అక్టోబరు 31వ తేదీని గడువుగా పెట్టినది. ఇది మంచి పనియే. కాని చదువు రాని మనిషికి ఆ చిరునామా మరొక తెలియని అక్షరమాల. పేరు మారి, చిహ్నం మారి, ఏది అసలో ఏది నకిలీయో తెలియని సమయమే మోసగానికి పండుగ. కావున చిహ్నం ఎంత తరచుగా మారినచో సామాన్యునికి ప్రమాదం అంత ఎక్కువ.

మన ప్రాంతపు వస్తువులను చూచి బ్యాంకులు ఒక పాఠం నేర్వవచ్చును. పొందూరు ఖద్దరును కొనువాడు చీటీ చూచి కొనడు. వేళ్ళ మధ్య పట్టి చూచి కొనును. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రపరచు ఆ పనితనమే ఆ బట్టకు ముద్ర. పనస మ్రానులో తొలిచిన బొబ్బిలి వీణను నాదం చెప్పును. చీటీ వెనుక పనితనం ఉన్నంతవరకే చీటీకి విలువ. బ్యాంకు విషయంలో ఆ పనితనం కౌంటరు దగ్గర కనబడవలెను. పాసు పుస్తకంలో పద్దులు ఎక్కించి ఇచ్చు ఓర్పు, తెలుగులో నింపదగిన ఫారం, ముసలివారు కూర్చొనుటకు ఒక బల్ల; ఇవి లేని చోట చిహ్నానికి ఎన్ని కోట్లు వెచ్చించినను అది గోడ మీది రంగే.

ఈ కారణాలచేత బ్యాంకు అధికారులకు మూడు విన్నపాలు చేయదలచితిని. మొదటిది, పేరో చిహ్నమో మారినప్పుడు పాతదానిని కొత్తదాని ప్రక్కన కొన్నేండ్లపాటు నిలుపవలెను. 'ఆంధ్రా' అను చిన్న మాటను బోర్డు మీద ఉంచిన పద్ధతి సరియైనదే. ఆ మాటను తొందరపడి చెరుపరాదు. రెండవది, మార్పును గురించి గ్రామసభలో, సంతలో, మసీదు చర్చి ఆలయాల ముంగిట నోటిమాటగా చెప్పించవలెను. తెలుగు ముద్రణతోపాటు ఉర్దూ చదువువారు ఉన్న చోట ఉర్దూలోను కరపత్రం ఇవ్వవలెను. 2022లో ఈ రాష్ట్రంలో ఉర్దూ రెండవ అధికార భాషగా గుర్తింపు పొందిన తరువాత ఇది దయ కాదు, ధర్మం. మూడవది, ప్రతి శాఖలోను ఆ శాఖ చరిత్రను తెలుపు ఒక చిన్న ఫలకం ఉండవలెను. ఏ సంవత్సరంలో, ఏ పేరుతో మొదలై, ఏ పేరులు దాటి వచ్చినదో నాలుగు పంక్తులు చాలును.

కళాశాల పాలకవర్గానికి కూడ ఒక మనవి. మన వాణిజ్యశాస్త్ర విభాగంవారు, జాతీయ సేవా పథకం విద్యార్థులు కలిసి పాత పాసు పుస్తకాలను, చెక్కు పుస్తకాలను, జమ చీటీలను సేకరించి ఒక చిన్న ప్రదర్శన ఏర్పాటు చేయవచ్చును. ఖాతా సంఖ్యలను మాత్రం కప్పివేయవలెను. పల్లెలలో జరుగు సేవా శిబిరాలలో ఒక సాయంకాలాన్ని పాసు పుస్తకం చదువుటకు, కొత్త కోడు తెలిసికొనుటకు, నకిలీ సందేశాన్ని పోల్చుకొనుటకు కేటాయింపవచ్చును. దీనికి పెద్ద ఖర్చు లేదు. చదువుకొన్నవాడు చదువుకోనివాని ప్రక్కన ఒక గంట కూర్చుండుటయే కావలసినది.

మన జేబులోని నోటును ఒకసారి తిప్పి చూడుడు. వెనుకవైపు పదునైదు భాషలలో దాని విలువ వ్రాసియుండును. ఆ పట్టికలో చిట్టచివరి రెండు భాషలు తెలుగు, ఉర్దూ. ఒకదాని క్రింద ఒకటి, మన ఈ సంచికలోని పుటలవలె అవి చేరియున్నవి. ఏ భాషవాని చేతిలోనున్నను ఆ కాగితం ఇచ్చు మాట ఒకటే. బ్యాంకు చిహ్నం కూడ అట్టి మాటే. దానిని అందంగా దిద్దుట చిత్రకారుని పని. ఆ మాటను నిలుపుట బ్యాంకు పని. నిలిపినదో లేదో అడుగుట చదువుకొన్న మనందరి పని.